ప్రూఫ్ చూడకుండా ఎంటర్ కొట్టాను: టెర్మినల్ నేర్చుకోవడంలో నా అనుభవం

మొదటి రోజే టెర్మినల్, అంటే మౌస్ లేకుండా కమాండ్లు టైపు చేసి కంప్యూటర్ చేత పని చేయించుకునే నల్ల విండో, బిగుసుకుపోయింది. నేనేమీ చెయ్యలేదు, కంట్రోల్ ఎస్ నొక్కానంతే. పదిహేనేళ్ళుగా డీటీపీ చేస్తున్న చెయ్యి అండీ ఇది, రెండు లైన్లు కొడితే ఒక కంట్రోల్ ఎస్ దానంతట అదే పడిపోద్ది, మా షాపులో కరెంటు ఎప్పుడు పోద్దో తెలీదు, యూపీఎస్ ఎంతసేపు నిలబడుద్దో అసలే తెలీదు, కాబట్టి సేవ్ కొట్టకుండా మంచినీళ్ళు కూడా తాగం. ఆ అలవాటుతో ఆ నల్ల విండోలో కూడా కొట్టేశా. ఇక అంతే, ఏం కొట్టినా ఒక్క అక్షరం పడదు. హ్యాంగ్ అయిందనుకుని మూసేసి మళ్ళీ తెరిచా, రెండు నిమిషాలకి మళ్ళీ అదే. నాలుగోసారికి తమ్ముడికి ఫోన్ చేస్తే వాడు పడీ పడీ నవ్వి "అక్కా అది హ్యాంగ్ కాదే, నువ్వు ఆగమన్నావు అది ఆగింది, కంట్రోల్ క్యూ కొట్టు" అన్నాడు. కొట్టాను. అప్పటిదాకా కోపంతో నేను టకటకా కొట్టినవన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి స్క్రీన్ మీద, వాటిల్లో కొన్ని మంచి మాటలు కూడా కాదు.

కొంచెం వెనక్కి వెళ్తాను. మాది తెనాలిలో చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు, జెరాక్స్, బయట స్కూళ్ళ క్వశ్చన్ పేపర్లు, ఇవీ మా పనులు. పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, ఫొటోషాప్, అనూ ఫాంట్లు, మా ప్రపంచం ఇదే. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత ఇంకో పెద్ద వెర్షనే రాలేదు, అయినా మా లైన్లో చాలామంది ఇప్పటికీ దాన్ని వదల్లేదు. షాపులో సిస్టమ్ అలాగే ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని మా ఆయన ఆర్డరు. ఇంట్లో మాత్రం ఒక పాత లాప్‌టాప్ ఉంది, 4 జీబీ ర్యామ్, ఆన్ చేసి టీ పెట్టుకుని తాగి గ్లాసు కడిగి వచ్చేలోపు డెస్క్‌టాప్ కనపడేది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది కదా, విండోస్ 11 ఏమో మా లాప్‌టాప్ వయసు చూసి లోపలికే రానివ్వదు. సంక్రాంతికి మా పిన్ని కొడుకు, ఇందాక చెప్పిన తమ్ముడు వాడే, హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు "పడెయ్యమాకక్కా, లైనక్స్ మింట్ వేస్తా" అని, విండోస్ బదులు వేసుకునే ఉచిత సిస్టమ్ అది, ఒక పూట కూర్చుని వేసేశాడు. నిజంగానే లేచి కూర్చుంది లాప్‌టాప్.

అసలు పని ఏంటంటే, 2011 నుంచి మా షాపులో చేసిన ఫైళ్ళన్నీ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో కుక్కి ఉన్నాయి. కుక్కి అనేదే సరైన మాట. సంక్రాంతి ముందు మాగాణి గట్టు మీద గడ్డి మోపులు పడేసినట్టు ఎవరికి ఎక్కడ తోస్తే అక్కడ పడేశాం. ఒక ఫోల్డర్లో అయితే తొమ్మిది వేల పైన ఫైళ్ళు, మౌస్‌తో తెరిస్తే ఆ చిన్న చిన్న బొమ్మలు వేసుకోలేక విండో తెల్లబోయి నిలబడిపోయేది. పేర్లు చూస్తే ఇంకా అందం. ఫైనల్, ఫైనల్ 2, ఫైనల్ ఫైనల్, ఫైనల్ కరెక్షన్, ఫైనల్ కరెక్షన్ లాస్ట్. డీటీపీ చేసేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఎవరో వచ్చి "మా అన్న పెళ్ళికి మీరే వేశారు, అదే మోడల్ కావాలి" అంటే గంట వెతుకులాట. ఇవన్నీ సంవత్సరాల వారీగా సర్దాలి, డబుల్స్ తీసెయ్యాలి. తమ్ముడు "టెర్మినల్లో చెయ్యక్కా, మౌస్‌తో చేస్తే ఉగాది దాకా చేస్తావు" అన్నాడు. సరే అన్నాను. ఉగాది వెళ్ళింది, ఇంకా చేస్తున్నా, అది వేరే సంగతి.

వాడు వెళ్తూ వెళ్తూ మూడే మూడు చెప్పాడు. పీడబ్ల్యూడీ, ఎల్ఎస్, సీడీ. పీడబ్ల్యూడీ అంటే మా నాన్న తరం వాళ్ళకి రోడ్లేసే డిపార్ట్‌మెంట్, కాలవ గట్టున పీడబ్ల్యూడీ బంగళా ఉండేది, నాకు మొదట ఆ బంగళానే గుర్తొచ్చింది. ఇక్కడేమో అది "నేనిప్పుడు ఏ ఫోల్డర్లో నిలబడి ఉన్నాను" అని అడగడం. ఎల్ఎస్ అంటే ఇక్కడ ఏమేం ఉన్నాయో చూపించమనడం. సీడీ అంటే వేరే ఫోల్డర్లోకి వెళ్ళడం, సీడీ కొట్టి స్పేస్ ఇచ్చి రెండు చుక్కలు పెడితే ఒక మెట్టు పైకి, ఏమీ పెట్టకుండా సీడీ ఒక్కటే కొడితే మన సొంత ఫోల్డర్‌కి, అంటే ఇంటికి. సీడీ తర్వాత ఒక అడ్డగీత పెడితే ఇంతకుముందు ఎక్కడున్నామో అక్కడికి వెనక్కి తీసుకెళ్ళుద్ది, ఇది నాకు రెండు నెలల తర్వాత గానీ తెలియలేదు, ముందే ఎవరన్నా చెప్తే ఎంత తిరుగుడు తప్పేదో. మొదటి వారం నేను చేసింది ఈ మూడే. వెళ్ళడం, చూడడం, ఎక్కడున్నానో అడగడం. మౌస్‌తో పనిచేసేటప్పుడు "నేను ఫలానా చోట ఉన్నాను" అనే ఆలోచనే రాదు మనకి, అన్నీ మన ముందుకొచ్చి నిలబడతాయి. ఇక్కడ మనమే వెళ్ళాలి. ఈ ఒక్క తేడా బుర్రకెక్కడానికి నాకు వారం పట్టింది, ఎక్కాక మిగతాది పెద్ద కష్టం అనిపించలేదు.

కష్టం అనిపించిందేంటంటే అది మాట్లాడకపోవడం. ఎమ్‌కేడిర్ అని కొట్టి పేరు ఇస్తే కొత్త ఫోల్డర్ తయారవుద్దని చెప్పాడు, కొట్టా, ఎంటర్ నొక్కా, ఏమీ లేదు. ఓకే లేదు, డన్ లేదు, కింద లైన్లో మళ్ళీ కర్సర్ మిణుకు మిణుకుమంటుంది అంతే. అవలేదేమోనని మళ్ళీ కొట్టా, అప్పుడు నోరు తెరిచింది, ఆ పేరుతో ఫోల్డర్ ఆల్రెడీ ఉందని. అంటే మొదటిసారే చేసేసింది. ఇది అచ్చం మా మామగారి టైపు. కూర బాగుంటే చప్పుడు చెయ్యకుండా తిని లేచిపోతారు, ఉప్పు తగ్గితేనే గొంతు వినపడుద్ది. కాబట్టి నేను నోట్‌బుక్‌లో రాసుకున్నా, "ఏమీ అనకపోతే పని అయినట్టే" అని, కింద రెండు గీతలు కూడా కొట్టుకున్నా. ఈ లైను గుర్తుపెట్టుకోండి, దీనివల్లే తర్వాత నా కొంప మునిగింది.

ఇంకో రెండు విషయాలు బాగా ఏడిపించాయి. ఒకటి, పేర్లలో స్పేసులు. ఫైనల్ కరెక్షన్ లాస్ట్ అనే ఫైలుని కాపీ చెయ్యమంటే ఫైనల్ లేదు, కరెక్షన్ లేదు, లాస్ట్ లేదు అని మూడు ఎర్రర్లు ఇస్తుంది, ఎందుకంటే దాని దృష్టిలో స్పేస్ వచ్చిందంటే ఒక మాట అయిపోయి ఇంకో మాట మొదలైనట్టు. పేరు మొత్తాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. లేదా మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతా పేరు అదే పూర్తి చేసుద్ది, ఈ ట్యాబ్ అనేది నాకు ఎవరైనా మొదటి రోజు మొదటి నిమిషంలో చెప్పాల్సింది. రెండోది, పెద్దబడి చిన్నబడి తేడా. విండోస్‌లో పెద్ద బీ తో రాసినా చిన్న బీ తో రాసినా ఒకటే ఫోల్డర్. లైనక్స్‌లో అవి రెండు వేరు వేరు మనుషులు. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

ఒకరోజు తమ్ముడిని అడిగా, ఈ పేర్లేంట్రా ఇలా ఎల్ఎస్, కాపీకి సీపీ, జరపడానికి ఎమ్‌వీ, తుడిచెయ్యడానికి ఆర్ఎమ్, ఎవరన్నా మనిషి భాషలో పెట్టకూడదా అని. వాడు చెప్పింది విని నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నా. 1969లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ వాళ్ళు యూనిక్స్ మొదలుపెట్టినప్పుడు వాళ్ళు కమాండ్లు ఎక్కువగా కొట్టేది స్క్రీన్ ముందు కాదంట, టెలీటైప్ మిషను మీదంట, అంటే కాగితం మీద కొట్టే టైపు మిషనే, కాకపోతే కంప్యూటర్‌కి తగిలించి ఉంటది. మోడల్ 33 అని అప్పట్లో బాగా వాడిన మిషను సెకనుకి 10 అక్షరాలే కొట్టేది, కీలు కూడా గట్టిగా నొక్కాలి. అలాంటి దాని మీద పొడుగు పేర్లు ఎవరు కొడతారు, రెండక్షరాల్లో తేల్చేశారు. నేను ఇంటర్ తర్వాత టైపు లోయర్, హయ్యర్ పాసయ్యా, రెమింగ్టన్ మిషను మీద చిటికెన వేలితో ఏ కొట్టలేక వేలు వాచిపోయిన మనిషిని. ఆ బాధ నాకు తెలుసు. తమ్ముడు టీటీవై అని కొట్టమన్నాడు, కొడితే డెవ్, పీటీఎస్, సున్నా అని ఏదో వచ్చింది. టీటీవై అంటే టెలీటైప్ అంట, ఇవాళ్టికీ ఈ విండో లోపల తనని తాను టైపు మిషనే అనుకుంటుందన్నమాట. ఆ మాట విన్నాక భయం సగం పోయింది నాకు. నిజం చెప్పాలంటే మౌసే నాకు కొత్త, కీబోర్డు కాదు. కంట్రోల్ ఎస్ ఆగమనడం, కంట్రోల్ క్యూ సాగమనడం కూడా ఆ మిషన్ల కాలం నుంచి వచ్చినవే.

అలాగే కంట్రోల్ సీ. మన చేతికి అది కాపీ. ఇక్కడ అది "చేస్తున్న పని ఆపెయ్". హార్డ్ డిస్క్ నుంచి 40 జీబీ కాపీ అవుతుంటే మధ్యలో ఏదో లైను కాపీ చేసుకుందామని కంట్రోల్ సీ కొట్టా, ముక్కాలు వంతు అయిన కాపీ అక్కడే ఆగిపోయింది. టెర్మినల్లో కాపీ కావాలంటే షిఫ్ట్ కూడా కలిపి నొక్కాలి. అడ్మిన్ పని కోసం సుడో అని ముందు తగిలిస్తే పాస్‌వర్డ్ అడుగుద్ది, మనం కొడుతుంటే చుక్కలు కూడా పడవు, కీబోర్డ్ పోయిందనుకుని లాప్‌టాప్ రీస్టార్ట్ చేసిన ఘనురాలిని నేనే. ఇంకోసారి ఫొటో ఫైలుని క్యాట్ కమాండ్‌తో చూద్దామని కొట్టా. క్యాట్ అనేది ఫైల్లో ఉన్న అక్షరాలు స్క్రీన్ మీద పోసేస్తుంది, టెక్స్ట్ ఫైలైతే బాగానే ఉంటది, ఫొటో అయ్యేసరికి ప్రశ్నార్థకాలు, పెట్టెలు, వింత గుర్తులు ధారగా పోసి మధ్యలో కూత కూడా కూసింది, తర్వాత నేను కొట్టే అక్షరాలు కూడా పిచ్చి పిచ్చిగా పడటం మొదలుపెట్టాయి. రీసెట్ అని కనపడకపోయినా గుడ్డిగా కొట్టి ఎంటర్ నొక్కితే బాగయింది.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన రోజు గురించి చెప్పాలి. డబ్ల్యూసీ అనే కమాండ్ ఉంది. పేరు చూసి నవ్వకండి, అది వర్డ్ కౌంట్. ఫైల్లో లైన్లు ఎన్ని, మాటలు ఎన్ని, అక్షరాలు ఎన్ని అని లెక్కపెట్టుద్ది. మేం మేటర్ టైపింగ్‌కి పేజీ లెక్కన డబ్బులు తీసుకుంటాం కాబట్టి నాకు ఇది బంగారం అనిపించింది. పరీక్షగా ఎకో అని, అంటే ఇచ్చిన మాటని తిరిగి చూపించే కమాండ్, కొట్టి తెలుగు అనే మాట ఇచ్చి, మధ్యలో నిలువు గీత పెట్టి, డబ్ల్యూసీ కి హైఫన్ సీ తగిలించి పంపా. 19 అంది. తెలుగు అనే మాటలో 19 ఏంటండీ, చిన్నపిల్లలైనా మూడు అక్షరాలు అంటారు. హైఫన్ ఎమ్ పెట్టి చూశా, 7 అంది. రాత్రి పదకొండింటికి తమ్ముడిని లేపి అడిగా. వాడు విసుక్కోకుండా చెప్పాడు, త ఒకటి, ఎత్వం ఒకటి, ల ఒకటి, కొమ్ము ఒకటి, గ ఒకటి, ఇంకో కొమ్ము ఒకటి, మొత్తం ఆరు, చివర లైను మార్చే గుర్తు ఒకటి, ఏడు. ఒక్కో తెలుగు గుర్తు కంప్యూటర్లో మూడు బైట్లు తింటుంది, ఆరు మూళ్ళు పద్దెనిమిది, లైను మార్చేది ఒక బైటు, పంతొమ్మిది. నేను చేత్తో కాగితం మీద వేసుకుని చూసుకున్నా, లెక్క సరిపోయింది. ఆ రోజు నిద్ర పట్టలేదు నాకు. పదిహేనేళ్ళుగా గుణింతాలు కొడుతున్నా, అవి లోపల ఇలా విడివిడిగా కూర్చుంటాయని ఒక్కరోజు కూడా తెలీదు. నా టెర్మినల్ విండోలో తెలుగు సరిగ్గా కనపడదు కూడా, కొమ్ములు పక్కకి జరిగి, వత్తులు ఎక్కడో వేలాడుతుంటాయి, కానీ లెక్క మాత్రం తప్పదు.

ఆ మధ్యలో పెట్టిన నిలువు గీత ఉంది చూశారా, దాన్ని పైప్ అంటారు. ఒక కమాండ్ నుంచి వచ్చింది ఇంకో కమాండ్‌లోకి వెళ్తుంది, బోరు నీళ్ళు పైపు తగిలించి పక్క చేలోకి వదిలినట్టు. డగ్ మెక్‌ల్రాయ్ అనే ఆయన ఆలోచనంట, 1973లో యూనిక్స్‌లోకి వచ్చింది. దీంతోనే నా పని నిజంగా మొదలైంది. ఫైండ్ అనే కమాండ్‌కి ఒక చుక్క ఇచ్చి, అంటే ఇక్కడ నుంచి కిందకి మొత్తం వెతుకు అని, హైఫన్ నేమ్ అని, కొటేషన్లలో స్టార్ గుర్తు, అంటే ఏ పేరైనా సరే అని, పెట్టి పక్కన పేజ్‌మేకర్ ఫైళ్ళ చివర ఉండే డాట్ పీఎమ్‌డీ పెట్టి, వచ్చినదాన్ని పైపులోంచి లైన్లు మాత్రమే లెక్కపెట్టే డబ్ల్యూసీ హైఫన్ ఎల్ లోకి పంపితే ఒక్క అంకె వచ్చింది, 6,318. పదిహేనేళ్ళ మా షాపు బతుకు ఒక్క అంకె. మా ఆయన్ని పిలిచి చూపించా. "ఇందులో డబ్బులు రానివి ఎన్నో కూడా చెప్పుద్దా" అన్నాడు.

డబుల్స్ తీయడం కూడా ఇలాగే. ఎండీ5సమ్ అనే కమాండ్ ఒక్కో ఫైలుకి 32 అక్షరాల వేలిముద్ర లాంటిది ఇస్తుంది, లోపల సరుకు ఒకటే అయితే పేరు ఏదైనా ముద్ర ఒకటే వస్తుంది. ఆ లిస్టుని సార్ట్‌లోకి పంపి వరసలో పెట్టి, యునీక్ అనే దాంట్లోకి పంపి మొదటి 32 అక్షరాలే పోల్చి రిపీట్ అయినవి చూపించమనాలి. యునీక్ పక్కపక్కన ఉన్న లైన్లనే పోలుస్తుంది, కాబట్టి ముందు సార్ట్ చెయ్యకపోతే సగం వదిలేస్తుంది, నేను వదిలేయించుకున్నా కూడా. ఫైనల్, ఫైనల్ ఫైనల్ రెండూ ఒకటే అని తేలిన జతలు వందల్లో వచ్చాయి. అంటే కస్టమరు కరెక్షన్ అని చెప్పి మళ్ళీ మొదటిదే బాగుందన్నాడన్నమాట.

అనుకున్నట్టు జరగనిది గ్రెప్. ఫైళ్ళ లోపల ఉన్న మాటలు వెతికే కమాండ్ అది. వాట్సాప్‌లో కస్టమర్లు పంపే మేటర్ టెక్స్ట్ ఫైళ్ళుగా దాచుకుంటాం కదా, వాటిల్లో తెలుగు మాట ఇచ్చి వెతికితే ఠక్కున చూపించింది, భలే అనుకున్నా. అదే మాట అనూ ఫాంట్‌లో కొట్టిన పాత ఫైళ్ళలో వెతికితే సున్నా. ఎందుకంటే అనూలో మనకి కనపడేది తెలుగు, ఫైల్లో ఉండేది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కలు అతికించిన ఫాంటు అది. ఫాంటు తీసేస్తే మిగిలేది చెత్త. పేజ్‌మేకర్లోకి వాట్సాప్ తెలుగు పేస్ట్ చేస్తే డబ్బాలు డబ్బాలుగా పడేది కూడా ఈ గొడవే, అందుకే కన్వర్టర్ పెట్టుకుని మార్చుకుంటాం. ఈ సంగతి మా లైన్లో అందరికీ చేతి అలవాటుగా తెలుసు, కారణం మాత్రం నాకు గ్రెప్ సున్నా చూపించినప్పుడే అర్థమైంది.

ఇక ఆ రోజు. మార్చి నెల, ఆదివారం మధ్యాహ్నం, బిర్యానీ తిని కూర్చున్నా, అంటే బుర్ర సగమే పనిచేస్తుంది. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఫొటోలు లాప్‌టాప్‌లో ఉన్నాయి, 412. వాటి పేర్లు మార్చాలనుకున్నా. మార్చే ముందు అసలువి భద్రంగా పక్కన పెడదామని బ్యాకప్ అనే ఫోల్డర్ పెట్టా. పెద్ద బీ తో. తర్వాత ఎమ్‌వీ కొట్టి, స్టార్ డాట్ జేపీజీ అని అన్ని ఫొటోలూ ఇచ్చి, చివర బ్యాకప్ అని కొట్టా. చిన్న బీ తో. అది ఒప్పుకోలేదు. బ్యాకప్ అనేది డైరెక్టరీ కాదు అని ఇంగ్లీషులో ఒక లైను పడింది. ఎంత మర్యాదగా చెప్పిందండీ అది, ఇన్ని ఫైళ్ళు తీసుకెళ్ళి ఎక్కడ పెట్టమంటావు, నువ్వు చెప్పిన ఫోల్డర్ లేదు అని. నేను చదవలేదు. చూశాను, చదవలేదు. ఈ స్టార్‌తో ఏదో తేడా ఉంది, ఒక్కో ఫైలు విడిగా పంపితే పోద్ది అనుకుని, అంతకు ముందు రోజే నేర్చుకున్న ఫర్ లూప్ రాశా. ప్రతి ఫొటోనీ ఒక్కొక్కటిగా తీసుకో, ఎమ్‌వీ చెయ్యి, బ్యాకప్‌కి. ఎంటర్.

ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే పని అయినట్టే కదా.

ఎల్ఎస్ కొట్టా. పెద్ద బీ బ్యాకప్ ఫోల్డర్ ఒకటి, చిన్న బీ బ్యాకప్ అని ఇంకొకటి కనపడ్డాయి. ఫోల్డర్లోకి వెళ్ళి చూస్తే ఖాళీ. రెండోదాంట్లోకి సీడీ కొడితే అది ఫోల్డరే కాదంది. జరిగింది ఏంటంటే, ఎమ్‌వీ కి ఒకటే ఫైలు ఇచ్చి, లేని పేరు ఇస్తే అది దాన్ని తీసుకెళ్ళడం అనుకోదు, పేరు మార్చడం అనుకుంటుంది. మొదటి ఫొటో పేరు బ్యాకప్ అయింది. రెండో ఫొటో పేరు కూడా బ్యాకప్ అయింది, మొదటిది పోయింది. మూడోది రాగానే రెండోది పోయింది. అలా 411 సార్లు. అడగదు, హెచ్చరించదు, రీసైకిల్ బిన్‌లో వెయ్యదు. కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోయింది. చివరికి మిగిలింది 412వ ఫొటో ఒక్కటే. ఫంక్షన్ అయిపోయాక తీసింది. ఖాళీ ప్లాస్టిక్ కుర్చీలు, షామియానా విప్పుతున్న ఇద్దరు కుర్రాళ్ళు, మూలన పడున్న పూలదండ. భద్రం చేద్దామని మొదలుపెట్టి మొత్తం తుడిచేశా. ఎమ్‌వీ బదులు సీపీ కొట్టినా అసలువి అసలు చోటే ఉండేవి.

తమ్ముడికి ఫోన్ చేసి గొంతు పెగలక పోతే వాడు ముందు అడిగింది "ఏం ఏడవమాక, లాప్‌టాప్‌లో ఇంకేమన్నా సేవ్ చేశావా" అని. లేదన్నా. "వెంటనే ఆపెయ్, ఏమీ ముట్టుకోమాక" అన్నాడు. ఫైలు పోయిందంటే దాని పేరు పోయినట్టే గానీ, డిస్క్ మీద ఆ సరుకు దాని మీద ఇంకోటి రాసేదాకా అక్కడే ఉంటదంట, అదీ మా పాత లాప్‌టాప్‌లో ఉన్నది తిరిగే హార్డ్ డిస్క్ కాబట్టి. ఎస్ఎస్‌డీ అనే తిరగని రకం డిస్క్ అయితే ఆశ చాలా తక్కువని తర్వాత చెప్పాడు, అప్పుడు చెప్పి ఉంటే ఏమయ్యేదాన్నో. పెన్‌డ్రైవ్ నుంచి మింట్ బూట్ చేసి, ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం నడిపి, దొరికినవన్నీ వేరే డిస్క్‌లో పడేలా పెట్టించాడు ఫోన్లోనే. రాత్రంతా నడిచింది. పొద్దున చూస్తే వేల ఫైళ్ళు, ఒక్కదానికీ పేరు లేదు, ఎఫ్ పక్కన పొడుగు అంకె అంతే, అందులో సగం ఎప్పుడో నెట్లో చూసిన చీరల బొమ్మలు, యూట్యూబ్ థంబ్‌నెయిళ్ళు. ఇక్కడ మాత్రం ఫైండ్ పనికొచ్చింది, 1 ఎంబీ కంటే పెద్దవే చూపించమంటే చీరలన్నీ పక్కకి పోయాయి. నాలుగు రోజులు కూర్చుని ఏరితే 371 దొరికాయి. కొన్ని పై సగం బాగుండి కింది సగం బూడిద రంగులో వచ్చాయి, మా అత్తగారు మెడ దాకానే ఉన్నారు ఒకదాంట్లో. మిగతా వాటిల్లో కొన్ని చుట్టాల వాట్సాప్‌లో మసకమసకగా దొరికాయి. 19 పోయాయి, పోయినట్టే.

తర్వాత తమ్ముడు ఒక మాటన్నాడు, "అక్కా నువ్వు ప్రూఫ్ తీయకుండా ప్రెస్సుకి పంపుతావా" అని. అంతే, చాచి కొట్టినట్టయింది. మేం శుభలేఖ కంపోజ్ చేశాక ప్రూఫ్ తీసి కస్టమరు చేత సంతకం పెట్టించుకోకుండా ప్లేట్‌కి పంపం. ముహూర్తం రాత్రి అని పడాల్సింది ఉదయం అని పడితే ఐదొందల కార్డులు పొయ్యిలోకే. మరి ఇక్కడ ప్రూఫ్ ఎలా తీస్తార్రా అన్నా. కమాండ్ ముందు ఎకో అని ఒక్క మాట తగిలించు అన్నాడు. అంటే లూప్‌లో ఎమ్‌వీ ముందు ఎకో పెడితే అది ఏ ఫైలూ కదపదు, ఏమేం చెయ్యబోతుందో లైన్లు లైన్లుగా స్క్రీన్ మీద రాసి చూపిస్తుంది. 412 లైన్లు. వాటిని ప్రూఫ్ చూసినట్టు చూసుకోవాలి, దీర్ఘం ఉందా, సున్నా ఉందా అని చూస్తామే అలా, స్పేస్ ఎక్కడ పడింది, పెద్ద బీ నా చిన్న బీ నా. సరిగ్గా ఉంటే పై బాణం నొక్కి, ఎకో తీసేసి, ఎంటర్. ఫోల్డర్ పేరు చివర స్లాష్ పెట్టమన్నాడు తప్పకుండా. స్లాష్ పెడితే ఆ ఫోల్డర్ లేనప్పుడు ఎమ్‌వీ పేరు మార్చడానికి ఒప్పుకోదు, ఎర్రర్ ఇచ్చి ఆగిపోద్ది. ఒక్క స్లాష్. ఎమ్‌వీ కి, సీపీ కి, ఆర్ఎమ్ కి హైఫన్ ఐ వచ్చేలా అలియాస్, అంటే కమాండ్‌కి మారుపేరు, కూడా పెట్టించాడు, ఉన్న ఫైలు మీద పడబోతున్నా, తుడిచెయ్యబోతున్నా ఇప్పుడు ముందు అడుగుద్ది. అడిగిన ప్రతిసారీ విసుగ్గానే ఉంటది, ఉండనీ.

నోట్‌బుక్‌లో ఆ రెండు గీతల లైను కొట్టేసి, పక్కన "ఏమీ అనకపోతే, చెప్పింది చేసింది అని. నువ్వు అనుకున్నది చేసింది అని కాదు" అని రాసుకున్నా. ఇప్పటికి ఆ నోట్‌బుక్‌లో ముప్పై కమాండ్లు కూడా లేవు. నెట్లో వంద కమాండ్ల పీడీఎఫ్‌లు తిరుగుతుంటాయి, నేనూ ఒకటి ప్రింటు తీసి గోడకి అంటించా, ఒక్కటి కూడా దాన్ని చూసి నేర్చుకోలేదు. అవసరం పడినప్పుడు ఒకటి వచ్చిద్ది, నాలుగుసార్లు కొడితే చేతికి వచ్చిద్ది. మర్చిపోతే కంట్రోల్ ఆర్ నొక్కి రెండు అక్షరాలు కొడితే ఎప్పుడో కొట్టిన పాత లైను పైకి వస్తుంది. మ్యాన్ అని కొట్టి కమాండ్ పేరు ఇస్తే పెద్ద పురాణం తెరుచుకుంటుంది, క్యూ నొక్కితే బయటికి. అది చదివి నేర్చుకునేది కాదు, హైఫన్ పక్కన ఏ అక్షరమో గుర్తురానప్పుడు చూసుకునేది, పంచాంగం లాగా.

హార్డ్ డిస్క్ సర్దుడు 2016 దాకా వచ్చింది. ముందు ఎకో, తర్వాత అసలు పని, అలా రోజుకో ఫోల్డర్. మొన్న షాపులో పనిచేసే కుర్రాడు పక్కన నిలబడి చూసి "ఒకటే పని రెండుసార్లు కొడుతున్నారేంటి మేడం" అన్నాడు. ప్రూఫ్ అన్నా. వాడికి అర్థమైపోయింది, ఇంకేం అడగలేదు.

మా అమ్మాయి మాత్రం ఆ ఖాళీ కుర్చీల ఫొటోనే తన ఫోన్లో వాల్‌పేపర్‌గా పెట్టుకుంది, నన్ను ఉడికించడానికి. ఎవరన్నా ఇదేం ఫొటోనే అంటే "మా అమ్మ చేసిన బ్యాకప్" అంటుంది.